కోలారు కొండల నదులు, పాత కాలపు వానలు

వానలు పెరిగిన కాలంలోనూ తగ్గిన కాలంలోనూ కొండల్లో పుట్టిన నదులు ఎలా నడుచుకున్నాయన్నది భూస్వరూప శాస్త్రంలో నూరేళ్లు దాటిన ప్రశ్న. 1909లో పెంక్, బ్రూక్నర్ ఆల్ప్స్ పర్వతాల నదీ లోయల్లోని గులకరాళ్ల మెట్లను మంచుయుగాలతో జతపరిచినప్పటి నుంచి జవాబులు చాలావరకు మంచు కొండల నుంచే వస్తున్నాయి. అక్కడ హిమానీనదాలు పెరిగి, తరిగి నదికి అందే రాతినీ నీటినీ మారుస్తాయి. దక్షిణ భారత పీఠభూమిపై మంచు లేదు. ఇక్కడ నదిని మార్చేవి వానా, వానను బట్టి పెరిగే పచ్చదనమూ. అందుచేత రుతుపవనాల మార్పు ఒక్కటే నదిపై ఏం చేస్తుందో చూడటానికి కోలారు, చిక్కబళ్లాపుర ప్రాంతం మంచి చోటు. అదే సమయంలో ఇది కష్టమైన చోటు కూడా. రాయి గట్టిది, నదులు చిన్నవి, పైగా వెయ్యేళ్లకు మించి మనుషులు ఈ నదులకు అడుగడుగునా కట్టలు వేశారు.

నేల, నదులు

2007లో చిక్కబళ్లాపుర విడిపోయేవరకు కోలారు జిల్లాలోనే ఉన్న నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. ఈ కొండల చుట్టుపక్కల నుంచే ఉత్తర పినాకిని అయిన పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని, అర్కావతి బయల్దేరతాయి. పెన్న ఉత్తరానికి సాగి, అనంతపురం, కడప ప్రాంతాలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని ప్రయాణం 597 కిలోమీటర్లు. చిత్రావతి, పాపాఘ్ని పెన్నలోకే చేరతాయి. అర్కావతి కావేరిలో కలుస్తుంది. దక్షిణ పినాకిని, పాలారు తమిళనాడు మీదుగా తూర్పు తీరానికి పోతాయి. పాలారు 348 కిలోమీటర్లలో 93 కర్ణాటకలో, 33 ఆంధ్రప్రదేశ్‌లో, మిగిలిన 222 తమిళనాడులో ఉన్నాయి. ఇన్ని నదులు ఇక్కడ పుట్టినా కోలారులో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పుట్టింటి దగ్గర ఇవన్నీ వంకలే.

సముద్ర మట్టానికి 850 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఈ మైదానంపై అక్కడక్కడ రాతి గుట్టలు లేస్తాయి. కోలారు పక్కన అంతరగంగ కొండలు, ఆవని, టేకల్, ముళబాగిలు గుట్టలు అలాంటివే. అడుగున ఉన్నది రెండున్నర వందల కోట్ల ఏళ్లకు పైబడిన నైస్, గ్రానైటు. వాటి మధ్య ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పున సాగే పట్టీ కోలారు శిలా పట్టీ. దాని వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. కోలారు బంగారు గనులు ఈ పట్టీలోనివే. బేతమంగల దాటాక పాలారు కుప్పం ప్రాంతం మీదుగా పీఠభూమి అంచు దిగి, వాణియంబాడి చేరేసరికి సుమారు 400 మీటర్లు కిందికి వస్తుంది. ఈ నదికి కొండనదీ స్వభావం కనిపించేది ఈ దిగుడులోనే.

వాన ఏడాదికి సుమారు 700 నుంచి 750 మిల్లీమీటర్లు. పడమటి కనుమల నీడలో ఉండటం వల్ల జూన్, జూలై నెలల నైరుతి వాన ఇక్కడ పలచబడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లోనే చెరువులు నిండుతాయి. నవంబరులో బంగాళాఖాతం వాయుగుండాలు ఎప్పుడైనా ఒకటి రెండు రోజుల్లో ఏరు పట్టనంత నీరు కుమ్మరిస్తాయి. అంటే ఈ నదులు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటికీ లోబడినవి. అరేబియా సముద్రపు అడుగు పొరల రికార్డు నైరుతి బలపడిందని చెప్పినంత మాత్రాన కోలారులో ఏర్లు నిండాయని అనుకోవడానికి లేదు.

వాన మారితే నది ఏం చేస్తుంది

నదికి రెండు పనులు: నీరు మోయడం, మట్టీ రాయీ మోయడం. 1955లో లేన్ చెప్పిన సూత్రం ప్రకారం నీటి పరిమాణం, వాలు ఒక పక్క, అవక్షేపం పరిమాణం, రేణువుల సైజు ఇంకో పక్క సమతూకంలో ఉంటాయి. నీరు పెరిగి మట్టి పెరగకపోతే నది అడుగును కోసుకుంటుంది. మట్టి పెరిగి నీరు పెరగకపోతే మేట వేస్తుంది. మేట వేసిన లోయను తరవాత కోసుకుంటూ దిగినప్పుడు పాత వరద మైదానం ఒడ్డున మెట్టులా మిగిలిపోతుంది. దాన్నే నదీ వేదిక అంటారు. ఒక్కో వేదికకు వయసు కట్టగలిగితే నది ఎప్పుడు నింపింది, ఎప్పుడు కోసింది అన్న చరిత్ర బయటపడుతుంది.

చిక్కంతా వాన పెరిగినప్పుడు నీరూ మట్టీ రెండూ మారడంలో ఉంది. 1958లో లాంగ్‌బైన్, షుమ్ అమెరికా నదుల లెక్కలు తీసి, మట్టి కోత అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఎడారిలోనూ కాదు, దట్టమైన అడవిలోనూ కాదు, ఏడాదికి 300 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ప్రభావశీల వాన పడే అర్ధ శుష్క నేలల్లోనని చూపారు. ఎడారిలో మట్టిని మోసుకుపోయే నీరు లేదు. అడవిలో మట్టిని వదలని వేళ్లున్నాయి. ఈ గీతను కోలారుకు అన్వయిస్తే, ఇప్పటి వాన తగ్గేకొద్దీ కొంత మేరకు కోత పెరగాలి, వంకలు ఇసుకతో నిండాలి. వాన మళ్లీ పెరిగి గడ్డి, పొదలు నిలదొక్కుకున్నాక తేట నీరు ఆ ఇసుకను కోసుకుంటూ దిగాలి.

ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. కరువు ముగిసి వానలు తిరిగొచ్చిన తొలి దశాబ్దాల్లో నేల ఇంకా బోడిగానే ఉంటుంది. మొక్కలు అల్లుకునేలోపు వాన మట్టిని దోచుకుపోతుంది. కాబట్టి పొడి కాలం నుంచి తడి కాలానికి మారే సంధిలోనే అవక్షేపం ఉధృతంగా దిగుతుందని 1972లో నాక్స్ వాదించాడు. పైగా ఒకే మార్పుకు నదిలో ఒక చోట కోత, దిగువన మేట, ఆ తరవాత మళ్లీ కోత, ఇలా వరసగా జరగవచ్చని షుమ్ 1973లో వివరించాడు. ఒకే నదిపై రెండు వేదికలు కనబడితే వాతావరణం రెండుసార్లు మారిందని తేల్చలేకపోవడానికి కారణం ఇదే.

హిమాలయాల్లో కథ తిరగబడుతుంది. నేపాల్‌లోని మార్స్యాంది లోయలో సుమారు తొమ్మిది వేల ఏళ్ల కిందట రుతుపవనం బలపడినప్పుడు కొండచరియలు విరిగిపడి లోయ నిండిపోయిందని 2002లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అదే యుగంలో, 11,000 నుంచి 7,000 ఏళ్ల కిందటి మధ్య, గంగ-బ్రహ్మపుత్ర డెల్టాకు ఇప్పటికన్నా రెట్టింపుకు పైగా అవక్షేపం చేరిందని గుడ్‌బ్రెడ్, క్యూల్ 2000లో లెక్కకట్టారు. నిటారు కొండల్లో తడి కాలమే మట్టిని దింపుతుంది. కోలారు వంటి చదును పీఠభూమిపై పొడి కాలమూ, సంధి కాలమూ ఆ పని చేస్తాయని సిద్ధాంతం చెబుతోంది. హిమాలయ నమూనాను ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడం పొరపాటు.

నాటి వానలను చెప్పే సాక్ష్యాలు

నది స్పందనను తెలుసుకోవాలంటే ముందు వాన చరిత్ర నదితో సంబంధం లేని చోటు నుంచి తెలియాలి. నదీ మేటలు చూసి వానను ఊహించి, ఆ వానతోనే మేటలకు కారణం చెబితే వాదన చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది.

కోలారుకు దగ్గరలో అలాంటి స్వతంత్ర సాక్ష్యం నీలగిరుల బురద నేలల్లో దొరికింది. 1993లో సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ ఆ బురదలోని కార్బన్ ఐసోటోపులను పొర పొరగా కొలిచారు. పొడి నేల గడ్డి, తడి నేల మొక్కలు కార్బన్‌ను వేర్వేరు పాళ్లలో తీసుకుంటాయి గనుక వాటి నిష్పత్తి నాటి తేమను చెబుతుంది. 20,000 నుంచి 16,000 ఏళ్ల కిందట, అంటే మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో, పొడి వాతావరణం. 11,000 ఏళ్ల కిందటికి మంచి వానలు. 6,000 నుంచి 3,500 ఏళ్ల కిందటి మధ్య మళ్లీ పొడి దశ అన్నది వారి ఫలితం. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ సున్నపు స్తంభం 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి దాకా సుమారు వెయ్యేళ్ల వానల ఎగుడుదిగుళ్లను చూపింది. గోదావరి డెల్టాకు ఎదురుగా సముద్రంలో తీసిన మట్టి స్తంభంలోని ఆకుల మైనం ఆధారంగా పోంటన్, తోటి పరిశోధకులు 2012లో గోదావరి పరీవాహకం 4,000 ఏళ్ల కిందట ఒకసారి, 1,700 ఏళ్ల కిందట మరోసారి మెట్లు మెట్లుగా పొడిబారిందని చూపారు.

ఈ మూడింటిలో నైరుతి స్వరమే బలంగా వినిపిస్తుంది. మంచుయుగంలో నైరుతి బలహీనపడగా, శీతాకాలపు ఈశాన్య గాలులు బలపడినట్టు 1982లోనే డ్యుప్లెసీ హిందూ మహాసముద్రపు సూక్ష్మజీవుల గవ్వల నుంచి ఊహించాడు. ఆ గాలులు కోలారుకు వాన తెచ్చాయా లేక పొడి గాలులుగానే వీచాయా అన్నదానిపైనే మంచుయుగపు పాలారు, దక్షిణ పినాకినుల తీరు ఆధారపడి ఉంటుంది. దక్షిణ కర్ణాటక, తమిళనాడు మెట్ట నేలల్లో మట్టి అడుగున కట్టే సున్నపు గడ్డలపై పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి యానీ గనెల్, డ్యురాండ్ తదితరులు చేసిన పని ఇక్కడ ఉపయోగపడుతుంది. వాన తక్కువై, నీరు మట్టి లోపలే ఆవిరయ్యే చోట్లనే ఈ సున్నం నిలుస్తుంది.

వయసు కట్టే పద్ధతులు

నదీ మేటలకు వయసు కట్టడానికి మూడు పద్ధతులు ప్రధానం. బొగ్గు, ఆకు, గవ్వ దొరికితే కార్బన్-14. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు గనుక సుమారు 50,000 ఏళ్ల వరకే అది పనికొస్తుంది. గాలీ వెలుతురూ తగిలే ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లిపోవడంతో కోలారు వంటి చోట అది అరుదుగానే దొరుకుతుంది.

రెండోది దీప్తి కాలనిర్ణయం. ఇసుక గింజ పూడిపోయాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల వికిరణం దాని స్ఫటికంలో శక్తిని నిల్వ చేస్తుంది. సూర్యకాంతి తగిలితే ఆ నిల్వ చెరిగిపోతుంది. చీకట్లో తీసిన గింజపై ప్రయోగశాలలో కాంతి పడేసి, వచ్చే మెరుపును కొలిస్తే అది ఎంత కాలంగా పూడి ఉందో తెలుస్తుంది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల ఈ విద్యలో దేశానికి దారి చూపింది. కొండవంకల్లో దీనికి రెండు చిక్కులున్నాయి. బురద వరదలో కొద్ది దూరమే కొట్టుకొచ్చిన గింజకు ఎండ సరిగా తగలదు, అందుకని వయసు అసలుకన్నా ఎక్కువగా తేలుతుంది. గ్రానైటు ఇసుకలో పొటాషియం, థోరియం ఎక్కువ కావడంతో గింజ త్వరగా నిండిపోయి, అంతకు వెనకటి కాలాన్ని చెప్పలేకపోతుంది.

మూడో పద్ధతికి కోలారు బంగారు గనులతో చుట్టరికం ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు నేలపై క్వార్ట్జ్ గింజల్లో బెరీలియం-10, అల్యూమినియం-26 అణువులను పుట్టిస్తాయి. రాయి నెమ్మదిగా అరిగితే గింజ ఉపరితలం దగ్గర ఎక్కువ కాలం ఉంటుంది, ఈ అణువులు ఎక్కువగా పోగవుతాయి. ఈ లెక్కకు గణిత రూపం ఇచ్చిన 1991 నాటి ప్రసిద్ధ పత్రం భారతీయ శాస్త్రవేత్త దేవేంద్ర లాల్‌ది. కిరణాల్లోని న్యూట్రాన్లు రాతిలో రెండు మూడు మీటర్లలోనే ఆగిపోతాయి, మ్యుయాన్లు చాలా లోతుకు దిగుతాయి. ఆ మ్యుయాన్లు లోతుతో ఎలా తగ్గుతాయో 1950ల నుంచి టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కోలారు గనుల్లోనే కొలిచారు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున వాతావరణ న్యూట్రినోలను పట్టుకున్న ప్రయోగం ఆ కృషికి కొనసాగింపే. వయసు కట్టే ఈ విద్యా, గనుల్లోని ఆ కొలతలూ ఒకే కిరణాలపై నిలిచాయి.

అయితే ఈ పద్ధతికి కోలారు నేలపై ఒక గట్టి పరిమితి ఉంది. పడమటి కనుమల నదులపై 2015లో వెలువడిన అధ్యయనంలో నిటారు అంచు త్వరగా అరుగుతుండగా, తూర్పుకు పారే నదుల పీఠభూమి పది లక్షల ఏళ్లకు పది మీటర్ల స్థాయిలోనే అరుగుతున్నట్టు తేలింది. బెరీలియం పోగయ్యేది పై అరవై సెంటీమీటర్ల రాతిలోనే అనుకుంటే, ఆ మందం అరగడానికి ఇక్కడ సుమారు 60,000 ఏళ్లు పడుతుంది. ఏడాదికి మిల్లీమీటరు అరిగే హిమాలయ లోయలో 600 ఏళ్లు చాలు. కాబట్టి కోలారు వంకలో తీసిన గుప్పెడు ఇసుక మంచుయుగాన్నీ, ఆ తరవాతి తడి కాలాన్నీ, ఇటీవలి పొడి కాలాన్నీ కలిపి ఒకే సగటుగా చెబుతుంది. విడివిడి మార్పులు దానిలో కనిపించవు. ఈ నేలలో వాన మార్పు రాతి కోతలో కాక, లోయల్లో కొద్ది మందాన నిలిచిన ఇసుక, మట్టి పొరల్లోనే నమోదవుతుంది.

దిగువన దొరికిన పొరలు

ఈ నదుల చరిత్రలో ఇప్పటిదాకా తెలిసినది చాలావరకు దిగువ నుంచి వచ్చిందే. పాలారు ఒకప్పుడు కాంచీపురానికి ఉత్తరంగా పారి, ఇప్పటి కొర్తలయారు దారిలో సముద్రం చేరేదని భూగర్భ శాస్త్రవేత్తలు చాలా కాలంగా భావిస్తున్నారు. ఆ పాత దారిని వృద్ధ క్షీరనది అంటారు. ఆ కొర్తలయారు పరీవాహకంలోనే 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అత్తిరంపాక్కం రాతి పనిముట్ల చోటును గుర్తించారు. తరవాత కాలంలో మైసూరు సంస్థానపు బంగారు శిలలను పరిశీలించి, ధార్వాడ్ శిలలకు పేరు పెట్టిన ఫుట్ ఆయనే. శాంతి పప్పు బృందం 2011లో బెరీలియం, అల్యూమినియం, పురా అయస్కాంత పద్ధతులతో అక్కడి అత్యంత పాత పనిముట్లు పది లక్షల ఏళ్లకు పైబడినవని, సగటున సుమారు 15 లక్షల ఏళ్లవని తేల్చింది. 2018లో దీప్తి పద్ధతితో మధ్య పాతరాతి యుగపు పొరలు సుమారు 3,85,000 ఏళ్ల కిందట మొదలయ్యాయని చూపింది. నది గట్టు దాటి నెమ్మదిగా పరిచిన బంకమట్టి పొరల్లోనూ, వేగంగా తోసుకొచ్చిన ఎర్ర గులకల పొరల్లోనూ పనిముట్లు దొరకడం ఏటి తీరు పలుమార్లు మారిందనడానికి సాక్ష్యం.

పెన్న వైపు మరో ముఖ్యమైన చోటు జ్వాలాపురం. బనగానపల్లె దగ్గర పారే జుర్రేరు కుందూ ద్వారా పెన్నలో కలుస్తుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద ఆ లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన పేరుకుంది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లను చూపారు. నదీ పరిశోధకులకు దీని విలువ వేరు. ఒకే కాలంలో దేశమంతా రాలిన బూడిద కనిపించిన ప్రతి చోటా ఆ పొరకు వయసు కట్టాల్సిన పని ఉండదు. ఆకాశం నుంచి రాలిన బూడిద పలచనిదే. అంత మందం పేరుకుందంటే చుట్టుపక్కల వాలుల నుంచి వాన నీరు దాన్ని లోయలోకి తోసిందని అర్థం. బోడి వాలులు మట్టిని ఎంత త్వరగా వదులుతాయో ఇక్కడ కొలవవచ్చు.

పెన్న ఎగువ పరీవాహకంలోనే గత కొన్ని వేల ఏళ్ల తీవ్ర వరదలకు థామస్, జుయాల్, కాలే, సింఘ్వీ 2007లో దీప్తి పద్ధతితో వయసులు కట్టారు. నంది కొండల నదులకు సంబంధించి ఇది నేరుగా పనికొచ్చే అధ్యయనం. 2010లో కావేరి ఎగువ భాగంలో విశ్వాస్ కాలే, హేమ అచ్యుతన్ తదితరులు పాత వరదల నిలకడ మేటలను పరిశీలించి, మంచుయుగం తరవాతి హోలోసీన్ యుగంలో విడివిడిగా వచ్చిన పెద్ద వరదలను గుర్తించారు. ఇరుకైన రాతి లోయలో వరద పోటెత్తినప్పుడు పక్క గండ్లలో నీరు కదలక నిలిచి, సన్నటి ఇసుకను వదిలిపోతుంది. ఒక్కో పొర ఒక్కో వరద. పొర ఎత్తును బట్టి నీరు కనీసం ఎంత ఎత్తుకు లేచిందో చెప్పవచ్చు. గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే చోటూ, పాలారు పీఠభూమి దిగే చోటూ ఇలాంటి మేటల కోసం జల్లెడ పట్టదగినవి.

గోదావరి అనుభవం ఇక్కడ పెద్ద పాఠం. లివియు జోసన్ బృందం 2017లో డెల్టా, సముద్ర మేటలను కలిపి చదివి, గత రెండు మూడు వేల ఏళ్లలో వాతావరణం పొడిబారినా నది మోసిన మట్టి పెరిగిందని చూపింది. లాంగ్‌బైన్, షుమ్‌ల గీత చెప్పినది ఇదే. అయితే ఆ కాలంలోనే దక్కనులో వ్యవసాయం విస్తరించింది. పొడి వాతావరణం ఎంత, నాగలి ఎంత అన్నది విడదీయాలి.

కొండ కదలిక, మనిషి చెయ్యి

నది మారిన ప్రతిసారీ వాననే కారణంగా చూపడం కుదరదు. పాలారు దారి తప్పడానికి నేల వంగడమో, తన మేటతో తనే దారి మూసుకోవడమో, పక్క నది దాని నీటిని పట్టుకోవడమో కారణం కావచ్చు. మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగినప్పుడు తీరం దగ్గర నదులు లోతుగా కోసుకున్నాయి. ఆ కోత పైకి పాకుతూ వచ్చినా పీఠభూమి అంచున ఉన్న గట్టి రాయి దాన్ని ఆపేసి ఉండాలి. అందువల్ల తీరపు వేదికలు సముద్రాన్ని, కోలారు వంకల మేటలు వానను చెబుతాయని విడదీయవచ్చు. పీఠభూమి నదుల అధ్యయనానికి ఇది ఒక అనుకూలత.

మనుషుల జోక్యాన్ని విడదీయడం ఇంతకన్నా కష్టం. కోలారు ప్రాంతంలో పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండేలా వంక పొడవునా గొలుసుగా చెరువులు కట్టారు. పాలారుపై బేతమంగల చెరువును పదో శతాబ్దిలో నొళంబుల కాలంలోనూ, పన్నెండో శతాబ్దిలో హొయ్సళుల కాలంలోనూ బాగు చేయించినట్టు శాసనాలు చెబుతున్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల నుంచి బంగారు గనులకు తాగునీరు ఇచ్చింది ఈ చెరువే. ఎగువన కొత్త చెరువులు కడితే దిగువకు నీరు తగ్గుతుందన్న వివాదమే 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల ఒప్పందానికి దారితీసింది. చెరువు ఉన్న చోట ఇసుక ఆగిపోతుంది, దాని దిగువన తేట నీరు ఏటి అడుగును కోస్తుంది. వాన పెరిగినప్పుడు జరిగే కోతకూ, కట్ట వల్ల జరిగే కోతకూ పైచూపుకు తేడా తెలియదు.

కట్ట తెగినప్పుడు ఈ గందరగోళం రెట్టింపవుతుంది. 1903 నవంబరులో పాలారు వరద వాణియంబాడిని ముంచి, దాదాపు 200 మంది ప్రాణాలు తీసింది. భారీ వానకు తోడు ఎగువ మైసూరు ప్రాంతంలో చెరువులు తెగడం దానికి కారణం. వెయ్యేళ్ల తరవాత ఆ ఇసుక మేటను చూసిన పరిశోధకుడు దాన్ని వానలు విపరీతంగా పెరిగిన కాలపు గుర్తుగా పొరబడవచ్చు. ఒక కట్ట తెగితే కింది కట్టలన్నీ వరసగా తెగే ఏర్పాటులో ఓ మోస్తరు వానే మహా వరదను సృష్టిస్తుంది. 2021 నవంబరులో పాలారుకు దశాబ్దాలుగా చూడని వరద వచ్చినప్పుడు 1903 మళ్లీ అందరి నోటా వినిపించింది. ఆ రెండు వరదల మేటలను పక్కపక్కన చదవడం పాత పొరల్లో వాన వరదనూ గండి వరదనూ గుర్తుపట్టే పద్ధతికి పునాది కాగలదు.

గనులు మరో రకం గుర్తు వదిలాయి. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేవరకు కోలారు గనులు పొడి చేసి పారబోసిన రాతి పొడి పట్టణం చుట్టూ తెల్లని దిబ్బలై నిలిచింది. గాలికీ వానకూ అది కొట్టుకుపోయి వంకల్లో చేరుతోంది. నీటికీ పంటకూ అది చేటే. పొరలు చదివేవారికి మాత్రం దాని రసాయన ముద్ర కనిపించిన చోటల్లా ఆ మేట గత నూట నలభై ఏళ్లలోనిదేనని తేలుతుంది. 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు కోలారు చెరువులకు చేరడంతో తాజా పూడికపై మరో ముద్ర పడింది.

చెరువు పూడికలో దాగిన చరిత్ర

ఈ పరిశోధనలన్నీ ఒకచోట పెడితే ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. వేల, లక్షల ఏళ్ల చరిత్ర దిగువ నుంచి, డెల్టాల నుంచి, సముద్రం నుంచి వచ్చింది. నదులు పుట్టే కోలారు, చిక్కబళ్లాపుర కొండల దగ్గర పొరల అధ్యయనం చాలా తక్కువ. ఆ ఖాళీని పూరించగల వనరు ఆ నేల మీదే ఉంది. అది చెరువు పూడిక. కట్ట కట్టిన నాటి నుంచి ఏటేటా వంక తెచ్చిన మట్టి అక్కడే ఆగింది. పుప్పొడి నాటి పంటలనూ చెట్లనూ చెబుతుంది, రేణువుల సైజు వరదను చెబుతుంది, బొగ్గు తునకలు వయసు చెబుతాయి. పై పొరలకు సీసం-210, 1950, 60ల అణు పరీక్షలు వదిలిన సీసియం-137 కాలం కడతాయి. శాసనం చెప్పిన మరమ్మతు సంవత్సరం మధ్యలో మైలురాయిలా నిలుస్తుంది. చెరువులు, ఈశాన్య రుతుపవనం కలిసి నడిచిన రెండు వేల ఏళ్ల చరిత్రపై 2007లో గనెల్, అనుపమ, సుల్తాన్ ప్రచురించిన పత్రం ఈ దారి ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపింది. మనిషి చేయి నది రికార్డును చెరిపిందనుకునే చోటే, ఆ చెయ్యి కట్టిన చెరువు మరో రికార్డును దాచిపెట్టింది.

అయితే అది కరిగిపోతోంది. బోర్లు వెయ్యి అడుగులు దాటిన ఈ కరువు నేలలో పూడికతీత అత్యవసరమైన పని. నీరు నిలవాలంటే చెరువు లోతు పెరగాల్సిందే. కానీ మట్టి తీసేముందు చెరువు నడిమధ్యన ఒకటి రెండు గొట్టపు నమూనాలు తీసి భద్రపరిస్తే ఖర్చు స్వల్పం. అలా చేయకుండా తీసిన పూడికతో పాటు వందల ఏళ్ల వానల లెక్క పొలాల్లో కలిసిపోతుంది. వంక ఒడ్డు మట్టిని కడిగి ఫిల్టర్ ఇసుక తీసే అక్రమ వ్యాపారం ఇంకా పెద్ద నష్టం చేస్తోంది. పీఠభూమిపై వాన మార్పును నమోదు చేసినవే ఆ పలచని ఒడ్డు పొరలు. అవి పోతే మళ్లీ పుట్టవు.

ఈ చరిత్ర తెలియడం వల్ల ఇప్పటి వాదనలకూ స్పష్టత వస్తుంది. గత యాభై ఏళ్లలో పాలారు, పెన్న ఎగువ వంకలు ఎండిపోవడానికి వాన తగ్గడమే కారణమని తేలిగ్గా అనేస్తారు. భూగర్భ జలం తోడివేత, ఇసుక తవ్వకం, నీలగిరి (యూకలిప్టస్) తోటలు, తెగిన చెరువు గొలుసులు ఇందులో ఎంత భాగం పంచుకున్నాయో తేల్చాలంటే, కేవలం వాన తగ్గినప్పుడు ఈ ఏర్లు ఎలా ప్రవర్తించేవో ముందుగా తెలియాలి. 4,000 ఏళ్ల కిందటి పొడి దశలో బోర్లు లేవు. ఆ దశ పొరలను కోలారు వంకల్లో గుర్తించి వయసు కట్టగలిగితే, వాన వాటా ఎంతో, మనిషి వాటా ఎంతో విడిగా తూచే రాయి చేతికొస్తుంది. వాతావరణం వేడెక్కేకొద్దీ భారీ వానలు పెరుగుతాయన్న అంచనాల నడుమ, ఏ చెరువు కట్ట ఎంత వరదకు నిలవాలో నిర్ణయించే ఇంజనీర్లకు నూరేళ్ల వాన లెక్కలు చాలవు. వేల ఏళ్ల వరదల లెక్క అందుకు కావాలి. దాన్ని కోలారు వంకల ఒడ్డు మేటల్లోనూ చెరువుల పూడికలోనూ వెతకాలి, అవి తరిగిపోకముందే.